పోలేదండి, తీసేరు

ఆ ఎండాకాలం నేను మా ఊరు వెళ్ళింది కరెంటు ఎన్నిసార్లు పోతోందో లెక్కపెట్టడానికి.

చుట్టపుచూపుగా కాదు, ఉద్యోగం మీదే. హైదరాబాదులో కరెంటు విధానాల మీద పనిచేసే ఒక సంస్థలో నేను సీనియర్ పరిశోధకురాలిని. పేరు గొప్పగా ఉంటుంది గానీ చేసే పని ఒక్క ముక్కలో చెప్పచ్చు. కరెంటు కంపెనీ "మేం ఇంత బాగా ఇస్తున్నాం" అని కాగితాలు రాసి రెగ్యులేటరీ కమిషన్‌కి పెడుతుంది. ఆ కాగితాలు నిజమో కాదో చూసి, కాకపోతే విచారణలో లేచి నిలబడి కాదని చెప్పాలి. పదిహేనేళ్ళుగా అదే చేస్తున్నాను. నన్ను చూస్తే ఇంజినీర్లకి ఒళ్ళు మంట. ఆ సంగతి తల్చుకుంటే నాకు కాస్త గర్వంగా కూడా ఉంటుంది, దాపరికమెందుకు.

ఏప్రిల్‌లో మా ఊళ్ళో ఇరవై నాలుగు ఇళ్ళలో చిన్న చిన్న మీటర్లు పెట్టాం. ప్లగ్గులో గుచ్చితే చాలు, కరెంటు ఎప్పుడు ఆగిందో ఎప్పుడొచ్చిందో నిమిషాలతో సహా గుర్తు పెట్టుకుంటాయి. దాంతోపాటు ఇంటింటికీ తిరిగి అడగడానికి ఒక ప్రశ్నల కాగితం. అందులో మొదటి ప్రశ్న మా ఆఫీసులో ఎవరో "గత వారములో విద్యుత్ సరఫరాలో ఎన్నిసార్లు అంతరాయము కలిగినది?" అని రాశారు. నేను నవ్వి కొట్టేశాను. "మా కోనసీమలో ఇలా అడిగితే మంచినీళ్ళిచ్చి పంపించేస్తారు" అని చెప్పి నా చేత్తోనే దిద్దాను. "పోయిన వారంలో కరెంటు ఎన్నిసార్లు పోయింది?" మా ఊరి తెలుగు నాకు కాకపోతే ఇంకెవరికి తెలుస్తుంది!

దిగింది మా బాబాయి బాబూరావు ఇంట్లో. మా ఊరు ఐనవిల్లికి దగ్గర. ఊరి చివర సబ్‌స్టేషన్లో బాబాయి షిఫ్టు ఆపరేటరు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు. "ఒక్క మెమో లేదు" అని మా పిన్ని సత్తెమ్మ చర్చిలో కొత్తవాళ్ళు ఎవరు కనబడినా చెబుతుంది. జూన్ ముప్పైన రిటైర్మెంటు. నేను ఆరో తరగతిలో ఉండగా ఆయన నన్ను ఆ సబ్‌స్టేషన్‌కి తీసుకెళ్ళి, "చేతులు వెనక్కి కట్టుకుని చూడమ్మా. ఈ ఉద్యోగమంతా అంతే, చూడ్డమే" అన్నాడు. నేను ఎలక్ట్రికల్ చదివానంటే ఆ రోజు చలవే.

వెళ్ళిన మర్నాడు పొద్దున్న బాబాయి ఆరింటికే డ్యూటీకి వెళ్ళిపోయాడు. తెల్లారి షిఫ్టు ఆయన అడిగి మరీ తీసుకుంటాడట. నేనూ పిన్నీ వరండాలో టీ తాగుతూ కూర్చున్నాం. ఆరూముప్పావు ప్రాంతంలో ఫ్యాను ఆగింది. ఏప్రిల్ కదా, తెల్లారీ తెల్లారకుండానే జిడ్డు చెమట.

"కరెంటు పోయిందా పిన్నీ?"

"వస్తాదిలే."

పిన్ని పాత కేలండరు అట్టతో విసురుకుంటూ కూర్చుంది. ఇరవై నిమిషాలకి ఫ్యాను మళ్ళీ తిరిగింది. పిన్ని తలెత్తి దానివంక చూసి, "దిగేడు" అంది.

"ఎవరు?"

"నీ టీ చల్లారిపోతంది, తాగు ముందు."

ఎవరో బస్సు దిగారు కాబోలు అనుకుని ఊరుకున్నాను. పదిహేనేళ్ళ పరిశోధన అనుభవం నాది!

ఆ రోజు నుంచి ఇంటింటికీ తిరిగాను. మొదట వెళ్ళింది సత్యనారాయణమ్మ గారింటికి. మూడెకరాల కొబ్బరితోట ఆవిడది. భర్త పోయినా వ్యవసాయం తనే చూసుకుంటుంది. నన్ను చూసి కుర్చీ వేయించి, బొండం కొట్టించి, "అడుగమ్మా" అంది.

"పోయిన వారంలో కరెంటు ఎన్నిసార్లు పోయిందండీ?"

"పోలేదమ్మా."

"ఒక్కసారి కూడానా?"

"ఒక్కసారి కూడా పోలేదు. మీ బాబాయిగారుండగా పోతాదా?"

పక్కింట్లోనూ అంతే. ఆ పక్కింట్లోనూ అంతే. "బ్రెమ్మాండంగా ఉందండి, ఆయ్" అన్నాడు ఒకాయన. ఇరవై నాలుగు ఇళ్ళూ తిరిగాను, ఇరవై నాలుగు సున్నాలు. వారం తిరిగేసరికి మీటర్లు విప్పి చూస్తే ఒక్కొక్క ఇంట్లో పధ్నాలుగుసార్లు, పదిహేనుసార్లు కరెంటు ఆగింది. దాదాపు అన్నీ పొద్దున్న పూట, ఆరున్నరకీ తొమ్మిదికీ మధ్య. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, ఒకటి రెండు అరగంటవి.

మీటర్లు పాడయ్యాయేమోనని మార్చాను. మార్చినా అంతే. అంటే ఊరంతా కూడబలుక్కుని నాతో అబద్ధం చెబుతోంది. ఎందుకు? నేను బాబూరావు గారింటి అమ్మాయిని కాబట్టి. ఆయన మీద గౌరవంతో నా మొహం మీద నిజం చెప్పలేకపోతున్నారు. అలా నిర్ణయించుకున్నాక నాకు చెడ్డ కోపం వచ్చింది. తిన్నగా సత్యనారాయణమ్మ గారింటికి వెళ్ళి, ఫోన్లో ఆ వారం తాలూకు గీతలు చూపించాను.

"చూడండి. మంగళవారం ఆరూ నలభైకి మీ ఇంట్లో కరెంటు పోయింది. ఏడుకి వచ్చింది. మీటరు చెబుతోంది."

"మీటరుకేం తెలుసమ్మా? పోలేదు."

"మరి ఇదేంటండీ?"

ఆవిడ కళ్ళజోడు తెప్పించుకుని చూసింది. "మంగళారమా? ఆ వేళ మా దింపు కదా. కాయలు దింపడానికి వీరబాబు చెట్టెక్కుతున్నాడంటే నేనే మీ బాబాయిగారికి ఫోన్ చేసేను. తీసేరు. వాడు దిగేక వేసేరు." నావైపు జాలిగా చూసింది. "పోయిందంటావేంటమ్మా? పోడానికీ తియ్యడానికీ తేడా తెలీదా నీకు? గాలివానొస్తే పోద్ది. ట్రాన్స్‌ఫార్మర్ పేలితే పోద్ది. మనం అడిగితే తీస్తారు. పోయిందా అంటే పోలేదనే చెప్తాం. తీసేరా అని అడుగు, ఆయ్ అంటాం."

"నేను..."

"హైదరాబాదులో చదువు బాగానే చెప్పేరు గానీ తెలుగు మర్చిపోయేవమ్మా."

నా పరువు ఆ బొండం నీళ్ళలో కలిసిపోయింది. మళ్ళీ ఇరవై నాలుగు ఇళ్ళూ తిరిగాను. "కరెంటు తీసేరా అండీ?" అంటే చాలు, వేళ్ళు మడిచి వరసగా చెప్పారు. ఫలానా రోజు ఫలానావారి దింపు, ఫలానా రోజు చెట్టుకి ఎండుకమ్మలు తీయించారు. మీటరు చెప్పినదానికీ వాళ్ళు చెప్పినదానికీ రెండు మూడు నిమిషాలు కూడా తేడా లేదు. పిన్ని "దిగేడు" అన్నది ఎవరినో అప్పుడు తెలిసింది. ఫ్యాను తిరిగిందంటే చెట్టెక్కినవాడు దిగాడన్నమాట.

మర్నాడు పొద్దున్న సబ్‌స్టేషన్‌కి వెళ్ళాను.

బాబాయి టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎదురుగా రిజిస్టరు. ఆయన దస్తూరీ ఎంత ముచ్చటగా ఉంటుందంటే పెళ్ళి శుభలేఖల మీద పేర్లు రాయించుకోడానికి ఇప్పటికీ వస్తారు. నేను కూర్చున్నానో లేదో ఫోను మోగింది.

"బాబూరావు గారండీ, వీరబాబునండీ. రామాలయం వెనకాల తోటలో ఉన్నానండి. తీస్తారా?"

"ఎన్ని చెట్లు?"

"తీగ పక్కన నాలుగేనండి."

"ఉండు. తీసేక చెప్తాను. నేను చెప్పేదాకా కాలు పెట్టకు."

లేచి ప్యానెల్ దగ్గరికి వెళ్ళి హేండిల్ తిప్పాడు. బయట యార్డులో బ్రేకరు ధడేలుమంది. తర్వాత బాబాయి చేసిన పని నేను చిన్నప్పుడెప్పుడూ చూడలేదు. చేతి వాచీ విప్పి ఆ హేండిల్‌కి తగిలించాడు. అప్పుడు ఫోనెత్తి, "తీసేను. ఎక్కు" అన్నాడు.

"వాచీ ఎందుకు బాబాయ్?"

"ఎవరైనా పొరపాటున వేసేస్తారని. నేనే వేసెయ్యచ్చు, మతిమరుపొచ్చి. వాచీ ఉందంటే చెట్టుమీద మనిషున్నట్టు."

పావుగంట ఇద్దరం ఆ వాచీవంకే చూస్తూ కూర్చున్నాం. ఫోను మోగింది. "దిగేనండి." బాబాయి మూడుసార్లు అడిగాడు. నువ్వేనా మాట్లాడేది, నిచ్చెన తీసేరా, పైన ఇంకెవరూ లేరు కదా అని. వాచీ తీసి చేతికి పెట్టుకుని, హేండిల్ తిప్పాడు. వచ్చి కూర్చుని రిజిస్టరు మూసేశాడు.

"రాయలేదేం?"

"ఏమని రాయనమ్మా? లైన్‌మన్ కాగితం మీద అడిగితే తియ్యాలని రూలు. దింపువాడు ఫోన్లో అడిగితే తియ్యమని ఏ రూల్లో ఉంది? రాస్తే ఎందుకు తీసేవంటారు. తియ్యకపోతే ఎందుకు చచ్చేడంటారు."

రిజిస్టరు నేను తెరిచాను. ఏప్రిల్ నెల మొత్తానికి నాలుగంటే నాలుగు. నా మీటర్ల ప్రకారం అరవై పైన. ఇంకొక ఊళ్ళో, ఇంకొక ఆపరేటరయితే నేను ఆ పేజీకి ఫోటో తీసుకుని ఎగిరి గంతేసేదాన్ని.

"జూన్ దాకానే కదమ్మా" అన్నాడు బాబాయి. "జూలై ఒకటి నుంచి ఇక్కడ మనిషుండడు. అమలాపురంలో కంప్యూటరు ముందు కూర్చునే తీస్తారంట, వేస్తారంట. వాళ్ళకి వీరబాబెవరో ఏం తెలుసు? ఈ తోటల్లో తీగలకి తొడుగు వేయించెయ్యండి మహాప్రభో అని మా ఏఈ భాస్కర్ గారి చేత పోయినేడు రాయించేను. తొడుగుంటే కమ్మ తగిలినా ఏమవ్వదు, నేనున్నా లేకపోయినా ఒకటే. కంపెనీ కూడా ఒప్పుకుంది. పైన కమిషన్ దగ్గిర ఎవరో కొట్టించేసేరంట."

నేను రిజిస్టరు మూసేశాను. కొట్టించింది ఎవరో నాకు తెలుసు.

పోయినేడు కంపెనీ పెట్టిన పనుల జాబితా మీద మా సంస్థ అభ్యంతరాలు రాసింది. రాసింది నేనే. ఏ లైను మీద నెలకి ఎన్నిసార్లు కరెంటు పోతోందో రిజిస్టర్లు పట్టుకుని ఒక పట్టిక కట్టి, "నెలకి అయిదుసార్ల లోపే పోతున్న లైన్లకి ఈ పని అనవసరం, జనం డబ్బు వృథా" అని తేల్చి చెప్పాను. కమిషన్ ఆ పట్టికని మెచ్చుకుంది కూడా. అందులో పదిహేడో వరసలో మా ఊరి లైను ఉంది. నా చేత్తో టైపు చేసిన వరస. మా ఊరే కదా, మా బాబాయి ఎంత బాగా చూసుకుంటున్నాడో అని అప్పుడు మురిసిపోయాను కూడాను.

ఆ మాట సబ్‌స్టేషన్లో చెప్పడానికి నోరు రాలేదు. సాయంత్రం ఇంట్లో, ఆయన పెరట్లో చేపలు బాగుచేస్తూంటే చెప్పాను. బాబాయి కత్తిపీట మీంచి తల ఎత్తలేదు.

"అయితే నేను రాయకుండా ఉన్నాను, నువ్వు నమ్మేవు. ఇద్దరం కలిసే కొట్టించేసేం" అన్నాడు.

"జూన్ పద్దెనిమిదిన అమలాపురంలో విచారణ ఉంది బాబాయ్. అక్కడ నిజం చెబితే ఆ తొడుగుల పని మళ్ళీ పెట్టిస్తారు. కంప్యూటరు సంగతీ ఆపచ్చు. కానీ నిజం చెప్పాలంటే..."

"రిజిస్టరు తప్పని చెప్పాలి."

"ఆఁ."

"రిజిస్టరు రాసింది నేను."

ఆయన చేప తోక కోసి పక్కన పెట్టాడు. "నీ పని నువ్వు చెయ్యమ్మా. ఊరి పేరూ నా పేరూ మాత్రం వద్దు. ఇంకో నలభై రోజుల్లో దిగిపోతాను. శుభ్రంగా దిగిపోనీ."

ఇన్నేళ్ళలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే. సరేనన్నాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర బాబాయి లేచి వెళ్ళాక పిన్ని కంచాలు తీస్తూ తనే మొదలెట్టింది.

"వీరబాబుకి ఒక అన్నుండేవోడు. దొరబాబని. నువ్వప్పుడు కాకినాడలో చదువుతున్నావులే. వర్షం వెలిసేక దింపుకొచ్చి, తీగ పక్కన చెట్టుంది కాసేపు తియ్యండి బాబూరావు గారూ అని సబ్‌స్టేషన్ గేటు దగ్గిరే నిలబడి అడిగేడు. కాగితం లేందే తియ్యకూడదయ్యా, లైన్‌మన్ చేత రాయించుకురా అన్నారు మీ బాబాయి. లైన్‌మన్ ఎక్కడున్నాడో దొరకలేదు. ఎక్కేసేడు. తడికమ్మ తీగ మీద పడింది." పిన్ని కంచాలు దొంతర పెట్టింది. "ఆ రోజు అంతా రూలు ప్రకారమే చేసేరు. మెమో రాలేదు."

ఆ తర్వాత ఆవిడ చర్చిలో ఒక్క మెమో లేదని చెప్పే మాట నాకు మునుపటిలా వినబడలేదు.

నివేదిక రాశాను. ఊరి పేరు తీసేశాను. "కోనసీమలో ఒక సబ్‌స్టేషన్" అని పెట్టి, మీటర్ల లెక్కా, జనం చెప్పినదీ, రిజిస్టరు లెక్కా మూడూ పక్కపక్కన చూపించాను. పేర్లు లేకుండా రాయడం నాకు కొత్త. చదువుకుంటే ఎవరో పిరికివాళ్ళు రాసినట్టే ఉంది.

విచారణ రోజున అమలాపురంలో మీటింగు హాలు నిండిపోయింది. రొయ్యల చెరువులవాళ్ళూ, ఐస్ ఫ్యాక్టరీలవాళ్ళూ, రైతు సంఘాలవాళ్ళూ వచ్చారు. వేదిక మీద కమిషన్ ఛైర్మన్, ఇద్దరు సభ్యులు. కంపెనీ తరఫున చీఫ్ ఇంజినీరు సూర్యప్రకాశరావు గారు. మహా మర్యాదస్తుడు. ఆ మర్యాదతోనే మనిషిని రెండు ముక్కలు చేస్తాడు. నాకూ ఆయనకీ పదేళ్ళ పరిచయం.

బాబాయి వస్తానని నాకు చెప్పలేదు. పిన్నితో కలిసి వెనక వరసలో కూర్చుని ఉన్నాడు. చర్చికి వేసుకునే తెల్ల చొక్కా, పిన్నికి లేత నీలం చీర. మా పిల్ల మాట్లాడుతుంటే చూద్దామని వచ్చారని తర్వాత పిన్ని చెప్పింది.

నా వంతు వచ్చింది. మాట్లాడాను. సూర్యప్రకాశరావు గారు అంతా విని, లేచి నమస్కారం పెట్టారు.

"మేడమ్ గారి మీద మాకు చాలా గౌరవం ఉందండి. పోయినేడు ఇదే పని అనవసరమని వారే రాశారు, మేం శిరసావహించాం. ఇప్పుడు అవసరమంటున్నారు. సంతోషం. ఆ సబ్‌స్టేషన్ ఏదో చెప్పమనండి. రేపటికల్లా రిజిస్టరు తెప్పిస్తాం. ఇళ్ళలో ప్లగ్గులు ఎవరు పీకారో ఎవరు పెట్టారో మాకెలా తెలుస్తుందండీ? పేరు చెప్పలేకపోతే ఆ పేజీ వెనక్కి తీసుకోమనండి."

"న్యాయమే కదమ్మా. చెప్పండి, ఏ సబ్‌స్టేషన్?" అన్నారు ఛైర్మన్.

నా ముందు రెండే దారులు. పేరు చెప్పి మాట తప్పడం, లేదా పేజీ వెనక్కి తీసుకుని వీరబాబుని గాలికొదిలెయ్యడం. అంతలేసి సభల్లో అంతలేసి మాటలు మాట్లాడిన మనిషిని, చేతిలో కాగితాలు సర్దుకుంటూ నిలబడ్డాను. నిజం చెబుతున్నాను, నేను వెనక్కి తీసుకోబోయాను. "ఆ పేజీ..." అని మొదలుపెట్టాను కూడా.

"ఆయ్, మాదేనండి."

హాలు మొత్తం వెనక్కి తిరిగింది. బాబాయి లేచి నిలబడి ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని.

"మీరెవరు?"

"ఆ సబ్‌స్టేషన్ ఆపరేటర్నండి. బాబూరావంటారు."

మైకు ఇచ్చారు. ఆయన దాన్ని ముట్టుకోలేదు, పక్కనున్నాయన పట్టుకున్నాడు.

"మీ రిజిస్టరులో నాలుగే ఉన్నాయట. మీటర్లేమో అరవైసార్లు కరెంటు పోయిందంటున్నాయి. ఏది నిజం?" అన్నారు ఛైర్మన్.

"పోలేదండి."

"అంటే మీటర్లు తప్పా?"

"తప్పు కాదండి. పోలేదు, తీసేనండి."

ఛైర్మన్ మా కోనసీమ వైపు మనిషి కాదు. "రెండూ ఒకటే కదయ్యా? లైటు వెలగదు" అన్నారు విసుగ్గా.

"ఒకటి కాదండి. పోతే ఎవరికీ పూచీ లేదండి. తీస్తే తీసినోడిదండి పూచీ. దింపుకి మనిషి చెట్టెక్కితే తీస్తాను, దిగేక వేస్తాను. ఆ పూచీ ముప్పయ్యో తారీకు దాకా నాదండి. ఆ తర్వాత ఎవరిదో తమరే రాయాలండి."

సూర్యప్రకాశరావు గారి గొంతులో మర్యాద కాస్త సన్నబడింది. "పర్మిట్ లేకుండా తీశారా? రిజిస్టరులో ఎక్కించకుండా?"

"ఆయ్."

"ఎన్నాళ్ళుగా?"

"దొరబాబు పోయిన కాణ్ణించండి."

దొరబాబు ఎవరని ఎవరూ అడగలేదు. బాబాయి కూర్చున్నాడు. పిన్ని కొంగు భుజం చుట్టూ లాక్కుని తిన్నగా ముందుకి చూస్తూ ఉంది.

అప్పటికి నాకు మాట తిరిగొచ్చింది. "అయ్యా, పోయినేడు ఈ లైనుకి తొడుగులు అక్కర్లేదని రాసింది నేనే. పట్టికలో పదిహేడో వరస. అది తప్పు. ఊళ్ళోకి వెళ్ళి అడక్కుండా రాశాను. ఈసారి వెళ్ళి అడిగినా తప్పే అడిగాను. ఆ వరస కొట్టెయ్యండి" అన్నాను. నా జీవితంలో విచారణలో చెప్పిన అతి చిన్న ఉపన్యాసం అది. అంతకుముందు నేను నోరుమూసుకు నిలబడ్డ అర నిమిషం మాత్రం ఏ రికార్డులోనూ ఉండదు. నాకుంది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ముగ్గురం. ముక్తేశ్వరం దాటాక అడిగాను.

"ఎందుకు లేచేవు బాబాయ్? నేను చెప్పేదాన్ని కాదు."

"తెలుసమ్మా. అందుకే."

పిన్ని నావైపు తిరిగి, "చెమట్లు పట్టిపోయి ఉన్నావు. ఆ మైకు దగ్గిర ఫ్యానుండదా?" అంది.

మెమో ఇరవై అయిదో తారీకున వచ్చింది. బాబాయి కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "ఇంగ్లీషు బాగానే రాసేరు" అన్నాడు. ఆయన మీద విచారణ పెండింగులో పెట్టి రిటైరవనిస్తాం అని దాని సారాంశం. ఆఫీసులో చెయ్యాల్సిన సన్మానం మానేశారు. ఆ ఆదివారం చర్చిలో ఎవరో కొత్తాయన పలకరిస్తే పిన్ని ఏం చెబుతుందా అని నేను చెవులు రిక్కించాను. "మా ఆయన కరెంటాఫీసులో చేసేరండి. ముప్పై నాలుగేళ్ళు. ఒకే ఒక్క మెమో" అంది. అదే గొంతుతో.

ఇరవై తొమ్మిదిన కమిషన్ మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. రెండే పేజీలు. తొడుగుల పని మళ్ళీ జాబితాలో చేర్చమన్నారు. అది పూర్తయ్యేదాకా ఆ సబ్‌స్టేషన్లో మనిషి ఉండాలన్నారు. రిజిస్టరులో ఒక గడి కొత్తగా గీయమన్నారు, అడిగినవారి పేరు, ఎందుకు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా అని. ఉత్తర్వంతా ఇంగ్లీషులోనే ఉంది, ఆ గడి పేరు ఒక్కటే తెలుగు మాట: తీసినవి. నేను ప్రింటు తీసి ఇస్తే బాబాయి ఆ మాట మీద వేలు పెట్టి, "దస్తూరీ బాగున్నోణ్ణి వెయ్యమను" అన్నాడు.

జూలై ఒకటిన నా ప్రయాణం. పొద్దున్నే సంచి సర్దుకుని వరండాలోకి వచ్చేసరికి బాబాయి ఆరింటికే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎటూ వెళ్ళే పని లేక కూర్చుని ఉన్నాడు. ఆరున్నర దాటాక ఆయన ఫోను మోగింది.

"బాబూరావు గారండీ, వీరబాబునండీ. సత్యనారాయణమ్మ గారి తోటండి. తీస్తారా?"

"నేను కాదురా ఇప్పుడు. సబ్‌స్టేషన్ నంబరుకి చెయ్యి. నీ పేరు చెప్పు, ఎన్ని చెట్లో చెప్పు. రాసుకుంటారు."

"నా పేరు రాస్తారాండీ?"

"రాస్తారు. రాసేరో లేదో అడుగు. వాళ్ళు తీసేమని చెప్పేదాకా కాలు పెట్టకు."

ఫోను పెట్టేసి ఫ్యానువంక చూశాడు. రెండు నిమిషాలు గడిచాయి. మూడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. బాబాయి లేచి గుమ్మం దాకా వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. నేను సబ్‌స్టేషన్‌కి ఫోన్ చెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

ఫ్యాను నెమ్మదించింది, ఆగింది.

"తీసేరు" అన్నాను నేను.

బాబాయి తల ఊపాడు. చేతి వాచీ విప్పి, చుట్టూ చూసి, కిటికీ ఊచకి తగిలించాడు. ఎందుకని నేను అడగలేదు. పిన్ని టీ గ్లాసులు పట్టుకొచ్చి మా పక్కన కూర్చుంది, కేలండరు అట్ట తీసుకుంది గానీ విసురుకోలేదు. బస్సుకి టైమవుతోంది. నేనూ లేవలేదు. ముగ్గురం ఆ వాచీవంక చూస్తూ కూర్చున్నాం.

ఏడు దాటి నాలుగు నిమిషాలకి ఫ్యాను కదిలింది.

"దిగేడు" అన్నాడు బాబాయి. వాచీ తీసి చేతికి పెట్టుకుని, చల్లారిపోయిన టీ అందుకున్నాడు.